సంధిబంధమే గృహప్రాణం: లిటిల్ మోర్టన్ హాల్ దారునిర్మాణ పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాచీన గృహాలను గూర్చిన వ్యాసాలలో వాటిని కట్టించిన ప్రభువుల వంశచరిత్రకు, అలంకార వైభవానికి లభించే స్థానం పెద్దది. ఆ గృహం ఏ విధంగా నిలిచి ఉన్నది, ఏ అంగం ఏ అంగంపై ఆధారపడినది, ఏ భాగం ఎప్పుడు చేరినది అనే ప్రశ్నలకు లభించే స్థానం స్వల్పం. రాతి కట్టడం విషయంలో ఈ లోపాన్ని కొంత సహింపవచ్చును. దారునిర్మితమైన గృహం విషయంలో ఈ ప్రశ్నలను విడిచిపెట్టినచో అసలు విషయాన్నే విడిచిపెట్టినట్లగును. ఏలయన అటువంటి గృహానికి గోడ ఆధారం కాదు. కొయ్యకు కొయ్యను కలిపిన సంధియే ఆధారం.

ఈ దృష్టితో పరిశీలింపదగిన గృహాలలో ఇంగ్లండు వాయవ్య భాగాన చెషైర్ మండలంలో ఉన్న లిటిల్ మోర్టన్ హాల్ ముఖ్యమైనది. క్రీ.శ. 1504 ప్రాంతంలో ఆరంభమై 1610 ప్రాంతం వరకు ఒకే వంశంవారు అంచెలంచెలుగా పెంచుకొంటూ వచ్చిన గ్రామీణ ప్రభుగృహమిది. ఇంత దూరదేశపు గృహంతో సంస్కృతాంధ్ర అధ్యాపకులకు పని ఏమి అనే సందేహం కలుగవచ్చును. పలువురి చేతుల మీదుగా పెరిగిన గ్రంథంలో మూలమేది, ప్రక్షిప్తమేది, లేఖకదోషమేది అని విచారించే పద్ధతి మనకు సుపరిచితం. ఆ పద్ధతి ఈ గృహానికి చక్కగా అన్వయిస్తుందనియు, దీనిని బాగుచేసినవారు మంచి సంపాదకుల వలె ప్రవర్తించిన సందర్భం ఒకటి కలదనియు చూపుట ఈ వ్యాసోద్దేశం.

నివేశం, వంశచరిత్ర

కాంగిల్టన్ పట్టణానికి నైరుతి దిశగా నాలుగున్నర మైళ్ళ దూరంలో ఈ గృహం ఉన్నది. దీని చుట్టూ సుమారు 33 అడుగుల వెడల్పు గల అగడ్త కలదు. ఇది ఇప్పటి గృహం కంటె పూర్వమే, 13వ శతాబ్దంలోనో 14వ శతాబ్దంలోనో త్రవ్వబడి ఉండునని విద్వాంసులు భావిస్తున్నారు. కొయ్యతో, కిటికీలతో నిండిన ఇంటికి అగడ్త రక్షణ ఇచ్చినదనుట కష్టం. అది ప్రభుత్వానికి, పరువుకు చిహ్నమనుటే సమంజసం.

మోర్టన్ వంశీయులు భూస్వాములు. 16వ శతాబ్దం మధ్యనాటికి వారి భూములు సుమారు 1360 ఎకరాలకు పెరిగినవి. పిండిమర, పండ్లతోటలు, నీటి బలంతో నడిచే సమ్మెటలు గల ఇనుపకొలిమి కూడ వారి ఆస్తిలోనివే. గృహం పెరిగిన కాలం సరిగా వారి సంపద పెరిగిన కాలమే. 1640వ దశకంలో ఇంగ్లండులో రాజుకు, పార్లమెంటుకు నడుమ జరిగిన అంతర్యుద్ధంలో ఈ వంశంవారు రాజపక్షం వహించారు. 1643లో పార్లమెంటు పక్షంవారు గృహాన్ని వశపరచుకొని సైనికులకు విడిదిగా ఇచ్చారు. యుద్ధానంతరం అప్పులు మిగిలినవి. భూములు కొంత అమ్ముడుపోయినవి. 1670వ దశకం చివరకు యజమానులు ఇక్కడ నివసించుట మాని గృహాన్ని కౌలుదారులకు ఇచ్చివేశారు. 1847 నాటికి గృహంలో అధికభాగం పాడుపడి ఉన్నది. ప్రార్థనామందిరం బొగ్గులు నిల్వచేసే కొట్టుగా మారినది.

ఈ దురదృష్టంలోనే గృహానికి ఒక మేలు కలిగినది. ధనవంతులైన యజమానులు ఇక్కడనే ఉండి ఉంటే 18వ శతాబ్దపు అభిరుచి ననుసరించి ముఖభాగాన్ని ఇటుకతోనో రాతితోనో మార్చి ఉండేవారు; అనేక గృహాలకు అదే జరిగినది. పేదరికం ఈ గృహాన్ని మార్పునుండి కాపాడినది. ఎవరూ చదువక పెట్టెలో పడియుండుటచేతనే దిద్దుబాట్లకు లోనుగాక మిగిలిన తాళపత్ర ప్రతి వంటిది ఈ గృహం.

దారుపంజరం, దాని అంగాలు

ఈ గృహ నిర్మాణాన్ని స్థూలంగా పంజర నిర్మాణం అనవచ్చును. నేలమీద మొదట రాతితో తక్కువ ఎత్తుగల పునాది వరుస వేస్తారు. దానిపై అడ్డంగా ఓక్ దూలాన్ని పరుస్తారు. దీనిని అడుగుదూలం అనవచ్చును. కొయ్యకు నేల తడి తగులకుండుటకే ఈ రాతివరుస. అడుగుదూలంపై నిలువు స్తంభాలు, స్తంభాల తలలపై మరల అడ్డదూలం, ఎదురెదురు గోడలను కలుపుతూ కట్టుదూలాలు, వాటిపై కప్పు మోసే వాసాలు వరుసగా వస్తాయి. ఇట్లు ఏర్పడిన చతురస్రం పక్కకు వాలకుండ మూలలయందు ఏటవాలు కొయ్యలను బిగిస్తారు. చతురస్రం ఒత్తిడికి వంగి సమచతుర్భుజం కాగలదు, త్రిభుజం అట్లు రూపం మార్చుకొనలేదు అనే రేఖాగణిత ధర్మమే ఈ ఏటవాలు కొయ్యలకు మూలం.

స్తంభానికి స్తంభానికి మధ్య ఖాళీని తడిక అల్లి మట్టి మెత్తియో, సన్నని బద్దీలు కొట్టి గచ్చు పూసియో నింపుట ఆంగ్ల దారుగృహాలలో సామాన్య పద్ధతి. ఈ నింపుడు గోడలు బరువు మోయవు. గాలిని, వానను మాత్రం ఆపుతాయి. అందువలన వాటిని తొలగించి అక్కడ కిటికీ పెట్టినను గృహానికి హాని లేదు. ఈ గృహంలోని కిటికీలలో సీసపు పట్టీలతో కూర్చిన గాజు ముక్కలు సుమారు 30,000 ఉన్నవనిన, పంజరం ఇచ్చిన స్వేచ్ఛ ఎంతటిదో ఊహింపవచ్చును. చతురస్రాలు, వృత్తాలు, త్రికోణాలు మొదలగు ఆకృతులలో అమరిన ఆ ముక్కలు వెలుపలి కొయ్యల అల్లికకు తోడుగా నిలుస్తాయి.

పై అంతస్తు క్రింది అంతస్తు కంటె కొంత వెలుపలికి పొడుచుకొని వచ్చుట మరొక లక్షణం. నేలదూలాలను గోడ దాటించి ముందుకు సాగదీసి, వాటి కొసలపై పైగోడను నిలుపుతారు. గదులలో స్థలం పెరుగుట, క్రింది గోడపై వాన పడకుండుట దీని ప్రయోజనాలు. కొసలపై పడే గోడ బరువు దూలాల నడిమి భాగం క్రుంగకుండ కొంత ఆపుతుంది కూడ.

ఓక్ కలపను ఆంగ్ల వడ్రంగులు సాధారణంగా పచ్చిగా ఉండగనే చెక్కేవారు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు. పచ్చికలపతో కట్టిన గృహం నిలిచిన తరువాత ఏండ్ల తరబడి ఆరుతూ, ముడుచుకొంటూ, కొద్దిగా మెలిపడుతూ ఉంటుంది. ఈ చలనాన్ని ముందుగనే ఊహించి సంధిని రచించుట వడ్రంగి నేర్పు.

సంధుల స్వభావం

ఈ నిర్మాణంలో ముఖ్యమైన సంధి స్వరూపమిది. ఒక కొయ్య చివరను నాలుకవలె పలుచగా చెక్కుతారు. రెండవ కొయ్యలో ఆ నాలుకకు సరిపోయే గాడిని తొలుస్తారు. నాలుకను గాడిలో దూర్చి, రెండింటిని కలుపుతూ అడ్డంగా తొలిచిన రంధ్రంలో కొయ్యమేకును దిగగొడతారు. ఇందులో ఒక రహస్యం కలదు. నాలుకలోని రంధ్రాన్ని గాడిలోని రంధ్రానికి సరిగా ఎదురుగా గాక రవ్వంత పక్కకు, కొయ్య మొదటివైపుకు జరిపి తొలుస్తారు. మేకు దిగుతున్నకొద్దీ ఆ రెండు రంధ్రాలను ఒకే వరుసకు లాగుతుంది; నాలుక గాడిలోనికి మరింత బిగుస్తుంది. ఇనుము అవసరం లేకయే బిగింపు సిద్ధిస్తుంది.

పంజరాన్ని మొదట పనివాటికలో నేలమీద పరచి అమర్చి చూచి, ఏ కొయ్య ఏ కొయ్యతో కలియవలెనో గుర్తులు చెక్కి, విడదీసి నివేశానికి తెచ్చి మరల నిలిపేవారు. రోమన్ అంకెలను పోలిన ఈ గుర్తులు అనేక ఆంగ్ల దారుగృహాలలో ఇప్పటికిని కనబడతాయి. పత్రాల క్రమం తప్పకుండ లేఖకుడు వేసే పత్రసంఖ్య వంటివి ఇవి.

సంధిరచన మన శాస్త్రాలకు క్రొత్త గాదు. మయమతంలో సంధికర్మ ఒక ప్రత్యేక అధ్యాయం; మానసారంలో కూడ అంతే. మల్లలీల, బ్రహ్మరాజ, వేణుపర్వ మొదలగు సంధినామాలు వాటిలో కనబడతాయి. స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అను నలుగురు శిల్పులలో చెక్కువాడు తక్షకుడు, చెక్కిన అంగాలను కూర్చువాడు వర్ధకి. మన వడ్రంగి శబ్దానికి మూలం వర్ధకి శబ్దమే అని పలువురి అభిప్రాయం. చెక్కుటకును కూర్చుటకును వేరువేరు పేర్లు పెట్టిన శాస్త్రకారుడు, కూర్పు స్వతంత్రమైన విద్య అని గుర్తించాడనుట స్పష్టం. చెషైర్ వడ్రంగికి మయమతం తెలియదు, మయమతకర్తకు చెషైర్ తెలియదు. ఇరువురికి కొయ్య ఒకటే గనుక సమస్యయు ఒకటే అయినది.

ఈ పోలిక ఎంతవరకు సాగునో చూపుటకు ఒక భేదాన్ని కూడ చెప్పవలెను. ఆంగ్ల దారుగృహాలలో ప్రధాన స్తంభం పైకొన తరచు లావుగా ఉంటుంది. దూలాలు రెండుమూడు అక్కడనే కలియుటచే సంధులకు ఎక్కువ కొయ్య కావలెను. అందుచే చెట్టు మొదలు పైకి, కొన క్రిందికి వచ్చునట్లు మ్రానును తలక్రిందులుగా నిలుపుతారు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వనసంప్రవేశాధ్యాయంలో ఇందుకు భిన్నమైన విధి చెప్పాడు. చెట్టు నిలిచినట్లే ప్రతిమ నిలువవలెననియు, అందుకై మ్రానుపై దిక్కులను, పైక్రిందులను ముందే గుర్తింపవలెననియు అతని మతం. అది ప్రతిమను గూర్చిన మాట, గృహస్తంభాన్ని గూర్చినది కాదు. అయినను ఒకచోట వృక్షస్వభావానికి, మరొకచోట సంధి అవసరానికి ప్రాధాన్యం దక్కిన తీరు గమనింపదగినది.

నిర్మాణక్రమం

గ్రంథంలో స్తరాలను విడదీసినట్లు ఈ గృహాన్ని విడదీసిన యెడల ముఖ్యంగా ఆరు దశలు తేలుతాయి. మొదటి విలియం మోర్టన్ 1504–1508 నడుమ మహాశాలను, తూర్పు భాగంలోని ఉత్తరపు గదులను కట్టించాడు. సుమారు 1508లో తూర్పు భాగం దక్షిణంగా సాగి ప్రార్థనామందిరం, ఏకాంతశాల చేరినవి. 1546లో అతని కుమారుడైన రెండవ విలియం పాత పడమటి భాగాన్ని తీసివేసి పరిచారకుల గదులు, వాకిలి గల క్రొత్త భాగాన్ని కట్టించాడు. 1559లో అతడే మహాశాలలో మధ్యన ఒక అంతస్తు నేలను చేర్చి, ముంగిటివైపు పొడుచుకొని వచ్చే రెండు పెద్ద గవాక్షాలను పెట్టించాడు. సుమారు 1560–1562లో అతని కుమారుడు జాన్ ద్వారగృహంతో కూడిన దక్షిణ భాగాన్ని, దానిపై మూడవ అంతస్తుగా దీర్ఘశాలను నిర్మింపజేశాడు. సుమారు 1610లో దక్షిణ భాగానికి చిన్న వంటశాల, సారాయి కాచే గది చేరుటతో నిర్మాణం ముగిసినది.

ఫలితంగా రాళ్ళు పరచిన చిన్న ముంగిలి చుట్టు మూడు వైపుల అసమానంగా అల్లుకొన్న గృహం ఏర్పడినది. దీనికి ఏకకర్తృకమైన ప్రణాళిక లేదు. 1559 నాటి రెండు గవాక్షాల పైకప్పులు ఒకదానినొకటి తాకునంత దగ్గరగా ఉండుటయే దీనికి నిదర్శనం. ముందుగా ప్రణాళిక వేసిన శిల్పి అంత ఇరుకున వాటిని పెట్టడు. మహాశాలలో చేర్చిన మధ్య నేల తరువాతి కాలంలో తొలగింపబడినది. కనుక ఇప్పుడు ఆ శాలలో నిలిచి పైకి చూచువాడు ఒక దశను దాటి దానికి పూర్వదశను చూస్తున్నాడు.

ఈ గవాక్షాలపై చెక్కిన శాసనం ప్రత్యేకంగా పేర్కొనదగినది. దైవస్మరణతో ఆరంభమై, కట్టించిన విలియం మోర్టన్ పేరు, 1559వ సంవత్సరం, చేసిన వడ్రంగి రిచర్డ్ డేల్ పేరు అందులో చెప్పబడినవి. మంగళం, కర్త, కాలం, శిల్పి అనే క్రమం మన శాసన పాఠకులకు ఆశ్చర్యం కలిగింపదు. ఆ కాలపు ఆంగ్ల గ్రామీణ గృహాలలో వడ్రంగి పేరు ఇట్లు ప్రభువు పేరు సరసన నిలుచుట అరుదు. తన వృత్తినామాన్నే శాసనంలో నేటి వర్ణక్రమానికి భిన్నంగా వ్రాసిన ఆ వడ్రంగి సంధులు మాత్రం నాలుగున్నర శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్నవి.

దీర్ఘశాల: తరువాత పుట్టిన తలంపు

ఈ గృహాన్ని ప్రసిద్ధం చేసినదియు, ఇంచుమించు కూల్చినదియు దీర్ఘశాలయే. 68 అడుగుల పొడవు గల ఈ శాల దక్షిణ భాగం కట్టనారంభించిన తరువాత చేర్చిన తలంపని నిర్మాణ లక్షణాలనుబట్టి చరిత్రకారులు నిర్ణయించారు. వానకాలంలోను చలికాలంలోను ఇంటివారు నడచుటకు, ఆడుకొనుటకు ఇటువంటి శాలలను కట్టుకొనుట నాటి ధనికులలో వ్యాపించిన వాడుక. జాన్ మోర్టన్ కూడ దానిని కోరుకొన్నాడు.

అతడు కోరుకొన్న శాలకు రెండు దోషాలు సహజంగా కలిగినవి. ఒకటి, దాని పైకప్పు బరువైన ఇసుకరాతి పలకలతో వేయబడినది. ఆ బరువును భరించుటకై క్రింది అంతస్తులు ముందుగా ఉద్దేశింపబడలేదు. రెండు, శాల పొడవునా కిటికీలే గనుక పక్కగోడలలో ఏటవాలు కొయ్యలకు చోటు లేదు. పైకప్పు వాసాలు బరువును కేవలం క్రిందికే గాక వెలుపలికి కూడ నెట్టుతాయి. ఆ నెట్టుడును ఆపవలసినది ఎదురెదురు గోడలను పట్టి ఉంచే కట్టుదూలం. శాల విశాలంగా కనబడుటకై కప్పును విల్లువలె వంగిన కొయ్యలపై నిలిపినందున తలపై అడ్డుదూలాలు మొదట లేవు. తత్ఫలితంగా గోడలు వెలుపలికి ఒరిగినవి. క్రింది నేలలు క్రుంగినవి. శాల నేల అలలవలె ఎగుడుదిగుడైనది. నేడు కనబడే అడ్డుదూలాలను శాల విచ్చిపోకుండుటకై బహుశః 17వ శతాబ్దంలో చేర్చి ఉందురని ఊహ.

ఇక్కడ విచారింపవలసిన ప్రశ్న, శాల ఎందుకు వంగినది అని కాదు, ఎందుకు పడిపోలేదు అని. రాతిగోడ తన ఆధారం కదలినచో పగులుతుంది. పగిలిన చోట బరువు తప్పి పతనం ఆరంభమవుతుంది. దారుసంధి అట్లు కాదు. మేకుతో బిగిసిన నాలుక గాడిలో రవ్వంత తిరుగగలదు, కొయ్య వంగగలదు, ఒక స్తంభం దిగినచో దానిమీది బరువు దూలం ద్వారా పక్క స్తంభానికి పోగలదు. పచ్చి ఓక్ భారం క్రింద నెమ్మదిగా వంగి, ఆ వంపులోనే ఎండి గట్టిపడుతుంది. కనుక ఈ గృహపు వంకరలను కేవలం జీర్ణతా చిహ్నాలుగా చూచుట పొరపాటు. ఒక ప్రభువు తొందరపాటును అతని వడ్రంగుల సంధులు పంచుకొని మోసిన తీరును ఆ వంకరలు తెలుపుతున్నవి. లొంగుటచేతనే గృహం నిలిచినది.

గోడలపై లిఖితాలు, చిత్రాలు

దీర్ఘశాల రెండు చివరల త్రికోణ భాగాలలో గచ్చుతో తీర్చిన స్త్రీమూర్తులు గలవు. ఒకటి నియతి, మరొకటి అదృష్టదేవత. అదృష్టదేవత చక్రానికి అజ్ఞానం అధిపతి, నియతి గోళానికి జ్ఞానం అధిపతి అనే భావం పక్కన వ్రాయబడినది. ఈ మూర్తులకు మూలం 1556లో రాబర్ట్ రికార్డ్ ప్రకటించిన ఖగోళశాస్త్ర గ్రంథం. గణితంలో సమానతా చిహ్నాన్ని 1557లో ప్రవేశపెట్టినవాడు ఇతడే. శాస్త్రగ్రంథం వెలువడిన కొద్ది ఏండ్లకే అందలి చిత్రం ఒక పల్లెటూరి ఇంటి పైఅంతస్తుకు చేరినదనుట ముద్రణ శక్తిని తెలుపుతున్నది.

ఇందులో పాఠపరిశోధకులకు ప్రీతికరమైన అంశం ఒకటి కలదు. మూలంలో గోళవాచకమైన స్ఫియర్ అనే మాట ఉండగా, గచ్చుపనివాని లిఖితంలో అది బల్లెం అనే అర్థమిచ్చే స్పియర్ అనే మాటవలె కనబడుతున్నది. వర్ణక్రమం స్థిరపడని ఆ కాలంలో ఇది లేఖనభేదమో, అర్థం తెలియక చేసిన పొరపాటో నిర్ణయింపవలెనన్నచో మూలగ్రంథాన్ని పక్కన పెట్టుకొనవలసినదే. ప్రత్యంతరం లేక పాఠనిర్ణయం లేదనే మన సూత్రం గచ్చు గోడకును వర్తిస్తున్నది.

1976లో విశ్రాంతి గదిలో 18వ శతాబ్దపు చెక్క పలకల వెనుక అంతకు పూర్వపు గోడచిత్రాలు బయటపడినవి. శీలవతియైన సుసన్నాపై వృద్ధులు మోపిన నింద, ఆమె నిర్దోషిత్వ నిరూపణ అనే బైబిలు కథ ఇందలి ఇతివృత్తం. చిత్రంలో కొంత గచ్చుపై, కొంత కాగితంపై వ్రాసి అతికినది. అందులో కనబడే పొడి అక్షరాలు జాన్ మోర్టన్‌వని భావించి, అతడు మరణించిన 1598కి పూర్వమే ఇవి వ్రాయబడినవని నిర్ణయించారు. పైవ్రాతను తొలగింపగా క్రింది వ్రాత బయటపడిన పత్రం వంటిదీ గోడ.

నలుపు తెలుపుల ప్రశ్న

లిటిల్ మోర్టన్ హాల్ అనగానే తెల్లని గోడపై నల్లని కొయ్యల అల్లిక ఎల్లరకును స్ఫురిస్తుంది. ఈ రూపం మూలంలోనిది కాదు. 16వ శతాబ్దంలో ఓక్ కొయ్యకు రంగు పూసేవారు కారు. అది ఎండకు వానకు వెండిరంగు తిరిగేది. మధ్య గోడలకు పసుపు కలిసిన మట్టిరంగు ఉండేది. నలుపు తెలుపులు 19వ శతాబ్దపు విక్టోరియా యుగంవారి అభిరుచి. అనగా లోకం ఈ గృహపు ఆత్మగా భావించినది నిజానికి ప్రక్షిప్తం.

ప్రక్షిప్తమని తెలిసిన తరువాత దానిని ఏమి చేయవలెను? 19వ శతాబ్దంలో ఇంగ్లండులో పాత కట్టడాలను ఊహతో పూర్వరూపానికి తెచ్చే ఉద్యమం సాగినది. తరువాతి చేర్పులను గీకివేసి, లేని భాగాలను కల్పించేవారు. దీనిని ప్రతిఘటిస్తూ విలియం మోరిస్ తన మిత్రులతో 1877లో ప్రాచీన భవన పరిరక్షణ సంఘాన్ని స్థాపించాడు. పాతదానిని కాపాడవలెనే గాని పాతదానివలె కల్పింపరాదని ఆయన వాదం. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఈ భావాన్ని నియమంగా రూపొందించినది. అన్ని కాలాల చేర్పులను గౌరవింపవలెననియు, క్రొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొసగుతూనే మూలభాగంనుండి గుర్తింపదగినట్లు ఉండవలెననియు అది విధిస్తుంది.

ఈ గృహ విషయంలో ఆచరణ క్రమంగా పరిణతి చెందినది. 1892లో గృహానికి వారసురాలైన ఎలిజబెత్ మోర్టన్ అనే సన్న్యాసిని ప్రార్థనామందిరాన్ని బాగుచేయించినది. దీర్ఘశాలను పట్టి ఉంచే ఉక్కు కడ్డీలు కూడ ఆమె కాలంలోనివే కావచ్చును. గృహాన్ని ఎన్నడును అమ్మరాదనే నియమంతో 1912లో ఆమె దానిని తన దాయాది చార్లెస్ అబ్రహాం అనే బిషప్పుకు వదలినది. ఆయన దానిని ప్రజల దర్శనార్థం తెరచి, 1938లో నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు అప్పగించాడు. 1977లో దక్షిణ భాగపు కప్పు రాతిపలకలు సడలినవని తేలగా ఆరు విడతల మరమ్మతు ఆరంభమైనది. అప్పుడు పాడైన కొయ్యలకు బదులు పెట్టిన క్రొత్త కొయ్యలకు నల్లరంగు పూయక సహజవర్ణంలోనే విడిచిపెట్టారు.

చూచువానికి ఇది అసంపూర్ణమైన పని అనిపింపవచ్చును. కాని దీని విలువను గ్రంథ సంపాదకులు వెంటనే గుర్తింపగలరు. పుణె భండార్కర్ ప్రాచ్యవిద్యా పరిశోధన సంస్థ 1919 నుండి 1966 వరకు సిద్ధపరచిన మహాభారత సంశోధిత ప్రతిలో, నిశ్చయం తక్కువైన పాఠం క్రింద అలలవంటి గీత పెట్టారు. సంపాదకుడు తన నిర్ణయాన్ని వ్యాసుని మాటగా చలామణి కానీయలేదు. రంగు పూయని కొయ్య కూడ అటువంటి గీతయే. ఇది మాది, తక్కినది వారిది అని అది నిజాయితీగా చెప్పుతున్నది. పైగా ఎన్నడో వెండిరంగులో ఉన్న మూలరూపం ఎట్టిదో ఒక మచ్చుగా చూపుతున్నది. నల్లరంగునంతను గీకివేయుట కంటె, దానిని ఒక కాలపు అభిరుచికి సాక్ష్యంగా నిలిపి దాని పక్కన సత్యాన్ని సూచించుటయే యుక్తతరమని నా అభిప్రాయం. ప్రక్షిప్తాన్ని మూలంనుండి వేరుచేయవలెను, నశింపజేయరాదు.

ఉపసంహారం

పై పరిశీలనవలన మూడు అంశాలు తేలుతున్నవి. దారుగృహానికి ప్రాణం సంధి. దాని బలం కాఠిన్యంలో గాక లొంగుబాటులో ఉన్నది. ఇటువంటి గృహం ఒకే కర్త రచన కాదు. దాని చరిత్ర దాని అంగాలలోనే చదువదగి ఉన్నది. దానిని ఉద్ధరించువాడు కవి స్థానాన్ని గాక సంపాదకుని స్థానాన్ని స్వీకరింపవలెను.

ఈ పద్ధతికి మన ప్రాంతంలో అవసరం లేకపోలేదు. కోస్తా జిల్లాలలోని మండువా లోగిళ్ళు కొయ్యస్తంభాల మీద, దూలాల మీద నిలిచిన గృహాలే. అవి కూలినపుడు కలప అమ్ముడుపోతుంది. సంధుల జ్ఞానం, వాటి పేర్లు మాత్రం ఎవరికిని మిగులవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాల సంపుటితో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశ కృషి ఇటువంటి పదాలను సేకరించు మార్గాన్ని చూపినది. ఒక లోగిలి విప్పబడుతున్నదని విన్నపుడు అక్కడి ప్రాచ్యకళాశాల అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళి, ఏ కొయ్య ఏ కొయ్యతో ఎట్లు కలిసినదో గీసుకొని, ఆ సంధిని విప్పుతున్న వడ్రంగి దానిని ఏమని పిలుచునో వ్రాసికొని రాగలడు. మయమతంలోని సంధినామాలకు వ్యాఖ్యానం వ్రాయదలచినవానికి అంతకంటె ప్రామాణికమైన ఆధారం గ్రంథాలయంలో దొరకదు.